ఇంట్లోనే చేతులకి అచ్చు తీసి బొమ్మ పోయడం ఎలా

మా హాల్లో టీవీ పక్కన ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు ముసలి చేతులుంటాయి, తెల్లటివి, మణికట్టు దాకానే. కొత్తగా వచ్చినవాళ్లు ముందు కొంచెం జంకుతారు, తర్వాత దగ్గరికెళ్లి చూసి ఎవరు చెక్కారండీ అంటారు. ఎవరూ చెక్కలేదు, అవి మా అమ్మమ్మ తాతయ్య చేతులే, బకెట్లో ముంచి అచ్చు తీసి పోసినవి. అమ్మమ్మ చూపుడు వేలి మీద ఎప్పుడో కత్తిపీట తెగిన గాటు ఉంటుంది, అది కూడా పడింది అందులో. అంత చిన్న గాటు ఉందని నాకే తెలీదు, బొమ్మలో చూశాకే తెలిసింది.

ఇప్పుడు పసిపిల్లల చేతులకీ పాదాలకీ ఇలా పోత పోసి ఫ్రేమ్ కట్టిచ్చే స్టూడియోలు హైదరాబాద్ లాంటి ఊళ్లల్లో బాగానే ఉన్నాయి, డబ్బులున్నవాళ్లు అక్కడికే వెళ్లొచ్చు. కానీ పెద్దవాళ్లని అంత దూరం తీసుకెళ్లడం కష్టం, పైగా ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనే. ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, పొడి తడవకముందే సగం పైన పని అయిపోవాలి. పొడి తడిశాక మీ చేతిలో ఉండేది మూడు నాలుగు నిమిషాలు, అప్పుడు బాత్రూమ్‌లోంచి మగ్గు తెమ్మని అరవడాలు అవీ కుదరవు.

కావాల్సింది ముఖ్యంగా రెండు పొడులు. ఒకటి ఆల్జినేట్, ఇది అచ్చుకి. పళ్ల డాక్టర్ దగ్గర పన్ను కట్టించుకున్నవాళ్లకి తెలుసు, ట్రేలో మెత్తటి ముద్ద వేసి నోట్లో నొక్కిపట్టి కదలొద్దు అంటారే, అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు, ఒంటికి అతుక్కోదు, గట్టిపడ్డాక జున్నులాగా ఊగుతుంది, చర్మం మీద గీతలన్నీ పట్టేస్తుంది. డెంటల్ సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతుంది, ప్యాకెట్ మామూలుగా 450 గ్రాములు. ఆన్‌లైన్‌లో అయితే చేతుల అచ్చు కోసమే అమ్మే రకం దొరుకుతుంది, అది కాస్త నిదానంగా గట్టిపడుతుంది, మొదటిసారి చేసేవాళ్లకి అదే మంచిది. రెండోది ప్లాస్టర్ ఆఫ్ పారిస్, మనవాళ్ల భాషలో పీఓపీ, ఇది లోపల పోయడానికి. ఫాల్స్ సీలింగ్‌కి వాడే బస్తా పీఓపీ వాడొచ్చు గానీ గోరు పెడితే గీత పడుతుంది, పైగా షాపులో ఎన్నాళ్లుందో తెలీదు, చెమ్మ తగిలిన పాత పీఓపీ సరిగ్గా గట్టిపడదు. దానికన్నా డెంటల్ షాపులోనే స్టోన్ ప్లాస్టర్ అని అడగండి, రేటు కొంచెం ఎక్కువ, కానీ వేళ్లు అంత తేలిగ్గా విరగవు. ఇది వాడితే నీళ్లు చాలా తక్కువ పడతాయి, కిలోకి 300 మిల్లీలీటర్లు అలా, మామూలు పీఓపీకి అయితే కిలోకి 700 దాకా.

ఎంత కొనాలి అనేదానికి ఊహలు వద్దు, నీళ్లతో కొలుచుకోండి. చేతులు పట్టేంత ప్లాస్టిక్ డబ్బానో చిన్న బకెట్టో తీసుకుని, ఇద్దరూ చేతులు పట్టుకుని అందులో పెట్టాలి, చుట్టూ గోడకీ అడుగుకీ రెండు వేళ్ల మందం ఖాళీ ఉండాలి, లేకపోతే అచ్చుకి అక్కడ చిల్లు పడుతుంది. అలా పెట్టి ఉండగానే మణికట్టు పైదాకా నీళ్లు పోసి, నీళ్ల మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. చేతులు తీసేశాక మిగిలిన నీళ్లు కొలవండి, అంత ఆల్జినేట్ కలపాలి. తర్వాత ఆ నీళ్లు మళ్లీ అందులోనే పోసి, గీత దాకా నింపడానికి ఇంకా ఎన్ని నీళ్లు పట్టాయో అదే మీ బొమ్మ సైజు, అంత ప్లాస్టర్ కలపాలి. మా ఇద్దరు ముసలాళ్లకి మిగిలిన నీళ్లు 2 లీటర్ల 300, చేతులు 900 మిల్లీలీటర్లు వచ్చాయి. ఆల్జినేట్ నేను ఒకవంతు పొడికి నాలుగు వంతుల నీళ్లు బరువు లెక్కన కలుపుతాను, అంటే 575 గ్రాముల పొడి, రెండు ప్యాకెట్లు కొన్నాను. పంటి అచ్చుకి డాక్టర్లు ఇంకా చిక్కగా కలుపుతారు, మనకి వేళ్ల సందుల్లోకి దానంతట అదే జారాలి కాబట్టి దోశ పిండిలా ఉండాలి. రవ్వ దోశ పిండిలా మరీ నీళ్లగా అయితే చేతులు బయటికి తీసేటప్పుడు చిరిగిపోతుంది. ప్యాకెట్ మీద చేతుల అచ్చుకి వేరే కొలత రాసుంటే దాన్నే నమ్మండి, నన్ను కాదు.

ఇక నీళ్ల సంగతి, నేను బోల్తా పడింది ఇక్కడే. మొదటిసారి నేను మే నెలలో మొదలుపెట్టాను, ఎండాకాలం సెలవులకి అందరూ వచ్చారు కదా అని. మేడ మీద ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా, మధ్యాహ్నం స్నానం చేస్తే ఒళ్లు కాలుతుంది. ఆ నీళ్లు పట్టి పొడి వేసి కలుపుతున్నా, కలుపుతుండగానే గరిట ఆగిపోయింది, అమ్మమ్మ ఇంకా కుర్చీలోంచి ముందుకి వంగనేలేదు. బకెట్ బోర్లిస్తే బకెట్ ఆకారంలో గులాబీ రంగు కేకు ఒకటి వచ్చింది, పిల్లలు దాన్ని ముక్కలు కోసి ఆడుకున్నారు, నా రెండు ప్యాకెట్లు పోయాయి. ఆల్జినేట్‌కి నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత తొందరగా గట్టిపడిపోతుంది, 20 డిగ్రీల దగ్గర అయితే మనకి టైం ఉంటుంది. కాబట్టి ఫ్రిజ్ నీళ్లు కలిపి వాడండి, కుండనీళ్లయినా పర్లేదు. ఇంకోటి, ఆల్జినేట్ గట్టిపడేదే కాల్షియం వల్ల, అందుకని గిన్నెలకి తెల్లగా పొర కట్టే బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ నీళ్లు వాడండి. అసలు పనికి ముందు ఒక గ్లాసులో 20 గ్రాముల పొడి, 80 మిల్లీలీటర్ల అవే నీళ్లు కలిపి ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి, ఎన్ని నిమిషాలకి వేలికి అంటుకోకుండా గట్టిపడిందో అదే మీ టైం. ఈ గ్లాసు టెస్ట్ ఎవరూ చెయ్యరు, నేను కూడా చెయ్యలేదు, పైన చెప్పిన కేకు అందుకే వచ్చింది.

తర్వాత పోజు. దీని మీద అరగంట పెట్టండి, తొందరేం లేదు. బకెట్లో చేతులు కిందికి వేలాడతాయి, బొమ్మ బయటికొచ్చాక తలకిందులు చేసి మణికట్టు మీద నిలబెడతాం, అంటే మీరు చూస్తున్నదానికి తిరగేసి ఊహించుకోవాలి, ఫోన్‌లో ఫోటో తీసి తిప్పి చూసుకుంటే సులువు. వేళ్లు అయితే పూర్తిగా తాకి ఉండాలి, లేదంటే మధ్యలో పెన్సిల్ దూరేంత సందు ఉండాలి, తాకీతాకనట్టు ఉంటే ఆ మధ్యలో ఆల్జినేట్ కాగితంలా పల్చగా నిలబడి చిరిగిపోతుంది, వేళ్లు కలిసిపోయి బాతు కాలులా వస్తాయి. చెయ్యి ఊరికే చాపి పెడితే బొమ్మ గ్లౌజులా ప్రాణం లేకుండా ఉంటుంది, ఏదో ఒకటి పట్టుకోవాలి, ఇంకో చెయ్యో, చేతికర్రో, జపమాలో. అమెరికా ప్రెసిడెంట్ లింకన్ చేతులకి 1860లో లెనార్డ్ వోల్క్ అనే శిల్పి అచ్చు తీశాడు, అప్పటికి ఆయన ఇంకా ప్రెసిడెంట్ కాలేదు, పార్టీ టికెట్ వచ్చిన కొత్త. చేతిలో ఏదైనా పట్టుకోండి అని శిల్పి అంటే ఆయనే వెళ్లి చీపురు కర్ర ముక్క ఒకటి కోసుకొచ్చాడట. ముందురోజు జనంతో షేక్‌హ్యాండ్‌లు ఇచ్చీ ఇచ్చీ కుడి చెయ్యి వాచిపోయి ఉంది, ఆ వాపు ఆ పోతలో ఇప్పటికీ కనిపిస్తుంది. అచ్చులో ఉండే మజా అదే, ఆ రోజు చెయ్యి ఎలా ఉందో అలాగే దొరికిపోతుంది.

ఉంగరాలు, గాజులు, దారాలు అన్నీ తీసేయించండి. మా అమ్మమ్మ గాజులు తియ్యనంది, చేతికి గాజుల్లేకుండా ఏం బావుంటుందిరా అని, తాతయ్య బతిమాలితే తీసింది. గాజు ఉంటే దాని కింద ఆల్జినేట్ దూరి, చెయ్యి లాగేటప్పుడు అచ్చుని కోసేస్తుంది. చేతి మీద వెంట్రుకలున్నవాళ్లకి వాజిలీన్ రాయండి, కానీ పల్చగా, తుడిచేసినట్టు రాయాలి, మందంగా పూస్తే గీతలు పూడిపోయి చెయ్యి మైనం బొమ్మలా వస్తుంది. చర్మం మీద పుండ్లు, పగుళ్లు ఉంటే ఆ రోజు వద్దు. తేలిగ్గా దద్దుర్లొచ్చే ఒళ్లయితే ముందురోజు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి. పెద్దవాళ్లని నిలబెట్టి వంగమనకండి, కుర్చీలో కూర్చోబెట్టి బకెట్‌ని వాళ్ల చేతులు హాయిగా వేలాడే ఎత్తులో పీట మీద పెట్టండి, మోచేతుల కింద దిండ్లు పెట్టండి. బాత్రూమ్ పని ముందే అయిపోవాలి. ఇవి చిన్న విషయాల్లా ఉంటాయి గానీ ఐదు నిమిషాలు కదలకుండా ఉండాల్సింది రాయి కాదు కదా, నడుం నొప్పున్న మనిషి.

కలపడం. మూతికి మాస్కు కట్టుకోండి, ఆ పొడి సన్నగా ఎగురుతుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్లు ముందు బకెట్లో పోసి, పొడి మొత్తం ఒకేసారి వేసి కలపాలి, కొంచెం కొంచెం వేస్తే ముందు వేసింది గట్టిపడుతూ ఉంటుంది. గరిటతో అయ్యే పని కాదు, పెయింట్ కలిపే రాడ్ డ్రిల్లుకి పెట్టి నెమ్మది స్పీడులో తిప్పితే 45 సెకన్లలో ఉండలు లేకుండా అవుతుంది. స్పీడు పెంచితే గాలి కొట్టి బుడగలొస్తాయి, ఆ బుడగలన్నీ రేపు బొమ్మ మీద పులిపిర్లు అవుతాయి. మనుషులు తక్కువుంటే ఈ పనికి ఇంకొకళ్లని పిలుచుకోండి, ఒకళ్లు కలపాలి, ఒకళ్లు టైం చూడాలి.

కలిపిన వెంటనే చేతులు ముంచే ముందు కొంచెం ఆల్జినేట్ తీసి వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ మీ చేత్తోనే రాయండి, బుడగలు అక్కడే ఇరుక్కుంటాయి. ఆ తర్వాత విడివిడిగా నెమ్మదిగా దించి లోపలే పోజులోకి రావాలి, బయటే పట్టుకుని ముంచితే అరచేతుల మధ్య గాలి ఉండిపోతుంది. వేళ్లు ఒకసారి లోపల కదిపి, ఇక కదలొద్దు అని చెప్పాలి. చల్లగా జిగటగా ఉంటుందని ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడతారు. మా తాతయ్య గేదె కుడితిలో చెయ్యి పెట్టినట్టుందిరా అన్నాడు, అమ్మమ్మకి నవ్వొచ్చి భుజాలు ఊగాయి, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి, అయినా బాగానే వచ్చింది. అంచు దగ్గర వేలితో నొక్కితే అంటుకోకుండా వెనక్కి వస్తే గట్టిపడ్డట్టు, అప్పుడు ఇంకో నిమిషం ఆగండి.

తియ్యడం లాగడం కాదు. వేళ్లు లోపలే మెల్లగా ముడిచి విప్పుతూ ఉంటే అచ్చుకీ చర్మానికీ మధ్య గాలి దూరి సుయ్‌మని శబ్దం వస్తుంది, ఆ శబ్దం కోసమే వెయిట్ చెయ్యాలి. తర్వాత పట్టు వదిలించుకుని ఒక చెయ్యి, ఆ తర్వాత ఇంకో చెయ్యి. ఆల్జినేట్ రబ్బరులా సాగుతుంది కాబట్టి భయపడకండి. లోపల వదులుగా తునకలు పడి ఉంటే బకెట్ వంచి దులిపేయండి.

అచ్చు అలా వదిలేసి టీ తాగుదాం అనుకోకండి, అందులో ఎక్కువ నీళ్లే, ఆరే కొద్దీ చేతులు కుంచించుకుపోతాయి, గంటలో తేడా వచ్చేస్తుంది. వెంటనే ప్లాస్టర్ కలపాలి. ఇక్కడ ఆల్జినేట్‌కి ఉల్టా, పీఓపీని నీళ్లలో జల్లెడతో జల్లినట్టు మెల్లగా వెయ్యాలి, నీళ్ల పైన చిన్న చిన్న దిబ్బల్లా తేలేదాకా. రెండు నిమిషాలు నాననిచ్చి అప్పుడు మెల్లగా కలపాలి, మజ్జిగ చిలికినట్టు చిలకొద్దు. 900 మిల్లీలీటర్ల బొమ్మకి కిలో పీఓపీ, 700 నీళ్లు వేస్తే లీటరు పైన వస్తుంది, సరిపోతుంది. స్టోన్ అయితే కిలోకి ముప్పావు లీటరు కూడా రాదు, కిలోన్నర తీసుకోండి. ముందు ఒక గ్లాసుడు పోసి బకెట్‌ని అటూ ఇటూ వంచి తిప్పండి, ప్లాస్టర్ ప్రతి వేలి కొసకీ చేరాలి, గాలి బయటికి రావాలి, ఈ స్టెప్ ఎగ్గొడితే గోళ్లు లేని వేళ్లొస్తాయి. తర్వాత మిగతాది పోసి బకెట్‌ని నేల మీద మెల్లగా తట్టండి. సన్నటి వేళ్లలోకి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనప తీగ) ముక్కలు దించొచ్చు, అచ్చు గోడకి తగలకుండా చూసుకోండి. చేతులూ గిన్నెలూ సింకులో కడగొద్దు, పీఓపీ నీళ్ల కింద కూడా గట్టిపడుతుంది, పైపులో ఇరుక్కుంటే ప్లంబర్‌ని పిలవాల్సిందే. పాత బకెట్లో కడిగి, అడుగున పేరుకున్నాక తీసి చెత్తలో వెయ్యండి.

ఇప్పుడు ఇది గట్టిగా చెప్తున్నా, ఆల్జినేట్ దొరకలేదని సరాసరి పీఓపీ బకెట్లో చెయ్యి పెట్టొద్దు, ఎవరి చెయ్యీ, ఎంతసేపైనా సరే. పీఓపీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, పల్చటి పొర అయితే గోరువెచ్చగా ఉంటుంది గానీ ముద్ద మందం పెరిగితే 60 డిగ్రీలకి పోతుంది, పైగా రాయిలా బిగుసుకుని చెయ్యి బయటికి రాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు ఆర్ట్ క్లాసులో 16 ఏళ్ల అమ్మాయి ఇలాగే రెండు చేతులూ పెట్టింది, కాలిపోయి చాలా వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఇలా చెయ్యొచ్చని వీడియో పెడుతూనే ఉంటారు.

పొట్ట, భుజం, వీపు లాంటి వాటికి బకెట్ పనికిరాదు, మెడికల్ షాపులో విరిగిన చేతికి కట్టు కట్టే పీఓపీ బ్యాండేజి వాడతారు. అమెరికాలో జార్జ్ సీగల్ అనే శిల్పి 1961 నుంచి ఈ బ్యాండేజీలతోనే మనుషుల్ని చుట్టి నిలువెత్తు బొమ్మలు చేశాడు. సీమంతం టైంలో పొట్టకి అచ్చు తీయించుకునేవాళ్లు ఇప్పుడు మన దగ్గరా ఉన్నారు. బాగా వాజిలీన్ రాసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన ముక్కలు ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పొరలు వేసి, పావుగంటలో ఊడదియ్యాలి. ఒళ్లంతా చుట్టూ మూసెయ్యకూడదు, ముందు వైపు సగమే, లేకపోతే కత్తెర పెట్టాలి. కూర్చోబెట్టే చెయ్యండి, మోకాళ్లు బిగబట్టి ఎక్కువసేపు నిలబడితే ఎంతటివాళ్లకైనా కళ్లు తిరుగుతాయి, గర్భిణికి అయితే డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

మొహం మాత్రం మొదటిసారే వద్దు. చెన్నినో చెన్నీని అని 600 ఏళ్ల కిందటి ఇటలీ పెయింటర్ దీని గురించి రాసిపెట్టాడు, ముక్కులో ఇత్తడివో వెండివో గొట్టాలు పెట్టమని, మామూలు మనిషికి గోరువెచ్చటి నీళ్లు చాలు గానీ రాజుకో పోపుకో అయితే ప్లాస్టర్‌ని పన్నీటితో కలపమని. ఇప్పుడు గొట్టాలూ స్ట్రాలూ పెట్టకపోవడమే మంచిది, తగిలితే ముక్కులో గుచ్చుకుంటాయి, ముక్కు రంధ్రాలు ఖాళీగా వదిలేసి ఒక మనిషి వాటినే చూస్తూ కూర్చుంటారు. కళ్లూ నోరూ మూసేస్తే మామూలుగా ధైర్యంగా ఉండేవాళ్లకి కూడా లోపల గుండె దడ మొదలవుతుంది, చెయ్యెత్తితే వెంటనే తీసేస్తాం అని ముందే ఒప్పందం ఉండాలి, జలుబున్న రోజు అస్సలు వద్దు. లింకన్‌కి మొహం మీది ప్లాస్టర్ ఊడదీసుకునేటప్పుడు కణతల దగ్గర వెంట్రుకలు ఊడి కళ్లనీళ్లొచ్చాయట.

మళ్లీ మన బకెట్‌కి వద్దాం. ప్లాస్టర్ అరగంటలో గట్టిపడి వేడెక్కుతుంది, చల్లారేదాకా ఆగండి, నేనైతే ఇంకో రెండు గంటలు కలిపి ఆగుతాను, ఎందుకంటే వేళ్లు విరిగేది ఈ తొందరలోనే. ఆల్జినేట్‌ని చేత్తోనే తుంచుతూ తియ్యాలి, వేళ్ల మధ్యకి ఐస్‌క్రీమ్ పుల్ల, చాకు వద్దు. ఈ అచ్చు ఒక్కసారికే, మనవాళ్లు పంచలోహ విగ్రహాలకి మైనం కరిగించి తీసేసి, లోహం పోశాక అచ్చు పగలగొట్టినట్టే, రెండో కాపీ రాదు. తెనాలి శిల్పులు చేసే నాయకుల విగ్రహాలకి ముందు మట్టిబొమ్మ ఉంటుంది కాబట్టి మళ్లీ అచ్చు తీసుకోవచ్చు, మనకి ముందు ఉన్నది మనిషి. మొదట చిటికెనవేలు కొస కనిపిస్తుంది, తర్వాత గోరు, ఆ గోరు మీద నిలువు గీతలు, ఇల్లంతా చుట్టూ చేరుతుంది ఈలోగా. ఒకవేళ వేలు విరిగితే కంగారు పడొద్దు, ముక్క దాచి, అంతా ఆరాక ఫెవిక్విక్ పెట్టి, సందులో కొంచెం ప్లాస్టర్ నింపి తడి బ్రష్‌తో సర్దండి. పులిపిర్లు తడిగా ఉన్నప్పుడే గోటితో గీకితే పోతాయి.

వారం నుంచి పది రోజులు నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి, వానాకాలం అయితే ఇంకా ఎక్కువ. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడండి, చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టే. తడి మీద పెయింట్ వేస్తే నెలలో పొరలు లేస్తుంది. ఆరాక లక్క పాలిష్ రెండు పల్చటి కోట్లు, ఆపైన ఇష్టమైతే కంచు రంగు, నేను తెల్లగానే వదిలేశాను. బంగారు రంగు కొట్టించేవాళ్లు ఎక్కువ గానీ నాకది పెళ్లి షీల్డులా అనిపిస్తుంది.

అయ్యాక టేకు చెక్క మీద అరాల్డైట్‌తో అతికించి, ఊరు తీసుకెళ్లి చూపించాను. తాతయ్య తన బొటనవేలు వైపు చూసి ఇంత వంకరా అన్నాడు. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, గాజులేవిరా అంది. మణికట్టు కిందనుంచి ఎక్కిద్దామంటే చెక్కకి అతికించేశాను, పైనుంచి రావాలంటే చేతులు కలిసి ఉన్నాయి. చివరికి గాజుల షాపులో మడతబందు ఉండే కడియం లాంటిది ఒకటి దొరికితే అది తెరిచి తొడిగాం. మీరు మాత్రం చెక్కకి అతికించకముందే చూపించండి.